బట్ నంబర్ నలభై ఒకటి

పేట్లబుర్జు కోత్‌ల ఆఖరి త్రీ నాట్ త్రీ.
ఇషాపూర్ ముద్ర, నలభై తొమ్మిది సాలుది.
రేపు కోతమిషన్ కిందికి పోతది.

బోల్టు లేపి గుంజి, మల్ల నూకిన.
మా అమ్మ కుట్టుమిషన్ లెక్క
కటక్కుమని కూసున్నది.
పది తూటాల పొట్ట ఖాళీ.
అక్రూట్ కట్టె మీద
ఎవరెవరి దవడల చెమటనో, నల్లగ.

వెనక ఇత్తడి మూత తీస్తే
నూనెసీసా ఉండాల్సిన బొర్రల
చుట్టిపెట్టిన డబుల్ డెక్కర్ టికెట్టు.
దాని మీద పెన్సిల్ రాత:
"సైదమ్మకు మందులు. జీతం రాంగనే."

రిజిస్టర్ తిరగేసిన.
కర్ఫ్యూ డ్యూటీ, పీసీ బక్కన్న.
కాల్చిన రౌండ్లు: సున్న.

కరగబోయేదానికి నూనెందుకు సార్,
అన్నడు కొత్త పిలగాడు.
నేనైతే గుడ్డ దూర్చి గుంజిన.
గొట్టంల కన్ను పెట్టి చూసిన:
ఐదు చారలు ఎడమకు మెలిపడి,
ఆ చివర్ల బిళ్లంత వెలుగు,
అందుల మూసీ దిక్కు పోతున్న కొంగ.