ఏడో నంబరు

మా సందులో తెల్లవారేది కోడి కూతకి కాదు,
పై పోర్షను మోటారుకి.
ట్యాంకు నిండి, గోడెంబడి కారి,
నా గడప ముందు ముగ్గు సగం తినేసినాక గానీ
ఆ మహాతల్లికి స్విచ్చి గుర్తు రాదు.
"చూసుకోలేదు వదినా" అంటది.
ఆరేళ్ళుగా చూసుకోలేదు.

స్టోన్‌హౌస్‌పేటలో అభిప్రాయాలకేం తక్కువ,
బట్టలతో పాటే వరండాల్లో ఆరేస్తాం.
అంకమ్మ చేపల గంప దించిన ప్రతిసారీ పంచాయితీనే:
పులుసులో మామిడికాయ ముందెయ్యాల్నా, దించబోతా ఎయ్యాల్నా?
నన్నడిగితే దించబోతా.
ముందేస్తే చిట్లిపోయి పులుసంతా పీచు.
షమీమ్ ఒప్పుకోదు, ఒప్పుకోకపోతే మానె.
నిన్నటి పులుసే ఈరోజు రుచన్న కాడ మాత్రం
మా ఇద్దరికీ పేచీ లేదు.

ఎదురింటి పిల్లోడి బండి నా గేటుకు అడ్డం.
తియ్యమంటే "ఐదు నిమిషాలక్కా" అంటాడు.
నడుమైతే కొలుస్తా, భుజమైతే కొలుస్తా,
ఆ ఐదు నిమిషాలు కొలిచే టేపు
నా కాడ లేదు.

చెత్తబండి పాడుకుంటా వస్తది, పరిగెత్తుకుంటా పోతది.
కాలవకని ఎండల్లో తవ్విన రోడ్డు
కార్తీకం ముసురుకి బురదై కూర్చుంది.
రైలుకట్ట కింద నీళ్ళు నిలిస్తే
ఊరు రెండూళ్ళు,
అవతలోళ్ళకి నేను కుట్టిన జాకెట్లు
ఇవతలే పెళ్ళి చూస్తాయి.
దోమల సంగతి ఎత్తను. నెల్లూరోళ్ళం, మాకు సిగ్గుండాల.

ఇవన్నీ కలిపి అర్జీ రాసుకొచ్చాడు
ట్రెజరీలో రిటైరైన మాలకొండయ్య సారు.
ఏం రాత అది! పైన మూడంగుళాలు ఖాళీ,
పక్కన ఒకటిన్నర మడత,
అట్టా మార్జిను వదిలి కత్తిరించే చెయ్యి
ఈ రోజుల్లో టైలర్లలోనే లేదు.
ఒకటి, రెండు, మూడు గట్టిగా చదివాడు.
నాలుగు కాడ ఆయన ఫోను మోగింది.
నోట్లో దారం నోట్లోనే ఉండంగా
సంతకం పెట్టేశా, గుండ్రంగా,
పక్కన ఫోను నంబరు కూడా.

షమీమ్ దేన్నైనా చివరిదాకా చదివే మనిషి.
"అక్కా, ఏడు విను:
రాత్రి పది దాటినాక కుట్టుమిషను మోత."

మా సందులో మిషను ఒకటే.
అది మెట్ల మీద కూలబడి నవ్వింది,
నాకు నవ్వు రాలా.
రాత్రిళ్ళు సరదాకి తొక్కుతున్నానా?
పగలంతా వచ్చేవాళ్ళకి
కొలత మూరెడు, కబుర్లు బారెడు.
బడి తెరిచేలోపు నలభై జతల యూనిఫారాలు
ఎవరు కుడతారు, నంబరు ఏడు కుడతాదా?

ఆ రాత్రి పాత దుప్పటి నాలుగు మడతలేసి
మిషను కాళ్ళ కింద పెట్టా, నూనె పోశా.
పదిన్నరకి తొక్కతా ఉంటే
మొదటిసారి నా చెవికి వినపడింది.
ఇన్నేళ్ళూ అది నాకు చప్పుడే కాదు,
నా ఊపిరి మాదిరి ఏదో.
ఇప్పుడేమో పళ్ళెంలో ఎవరో
గవ్వలు ఒంపుతానే ఉన్నట్టుంది.
నిజమే, మోతే.
పదకొండూ నలభై దాకా కుట్టా.

నాలుగోనాడు మాలకొండయ్య సారు
ప్యాంటు చంకన పెట్టుకోనొచ్చాడు.
"నడుం వదులైందమ్మాయ్. రేపు కార్పొరేషనాఫీసుకి పోవాల,
అర్జీ ఇచ్చేదానికి."
టేపు చుట్టి చూశా, రెండంగుళాలు తగ్గాడు మనిషి.
ఆ ఇంట్లో వంట చేసేదెవరో అడగబోయి
గమ్మునుండా.
"రాత్రికి గానీ కుదరదు సార్."
"రాత్రంటే?"
"పది దాటినాక."

ఆయన కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో
చాలాసేపు తుడుచుకున్నాడు.
ఏదో అనబోయాడు కూడా.
ఈలోపు గోడ మీద సన్నంగా తడి గీత దిగింది,
ఇద్దరం ఒకేసారి తలెత్తి
ఒకే గొంతుతో అరిచాం:
"మోటారూ!"