పోగొట్టుకున్నట్లు

ఇరవై రెండేళ్లు స్టేషన్లో రైటర్ని.
ఎస్సైలు మారారు, బల్ల మారింది,
నా రాత బాగుంటుందని నన్ను మాత్రం కదపలేదు.

మొన్న మా బాడవపేట కమ్యూనిటీ హాల్లో
కొత్త ఎస్సై, కుర్రాడు, మైకు పట్టుకుని చెప్పాడు:
నిరుటి మీద దొంగతనాలు పద్దెనిమిది శాతం తగ్గాయట,
గొలుసు తెంపుళ్లు సగానికి సగం.
అందరూ చప్పట్లు కొట్టారు.
నేను కొట్టలేదు. చేతిలో సమోసా ఉంది.

అంకెలు ఎలా తగ్గుతాయో నాకు తెలుసు.
కొన్నిటిని నేనే తగ్గించాను,
నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో.

కొల్లాటి మంగాయమ్మ వచ్చింది ఒక శ్రావణంలో.
మూడో నంబరు షెడ్డులో రొయ్యలు వలిచే మనిషి.
ఐసు నీళ్లకి వేళ్ల కొసలు తెల్లగా నానిపోయి ఉన్నాయి.
"ఫోను లాక్కున్నారు బాబూ,
యనమదుర్రు వంతెన దిగుతుంటే.
ఇద్దరు. బండి మీద.
వెనకోడు నా చెయ్యి వదల్లేదు, బండి ఆగలేదు."
మోచెయ్యి తిప్పి చూపించింది.
అక్కడ చర్మం లేదు.

నేను రాశాను:
"ఫిర్యాదిదారు తన సెల్‌ఫోనును వంతెన వద్ద
పోగొట్టుకున్నట్లు..."
చదివి వినిపించాను.
"నేను పోగొట్టుకోలేదు కదా" అంది.
"ఇలా రాస్తే తొందరగా దొరుకుద్దమ్మా" అన్నాను.
వేలిముద్ర వేసింది. పడలేదు.
తుడిచి మళ్లీ వేయించాను.
ఆ వేళ్లకి గీతలే లేవు.

అత్తిలి హైస్కూల్లో మా తెలుగు మాస్టారు
కర్త లేని వాక్యాన్ని తల లేని మొండెం అనేవారు.
ఆయనకి స్టేషన్ తెలుగు రాదు.
మాకు "పోయింది" చాలు.
సైకిలు పోయింది. గొలుసు పోయింది.
చెరువు గట్టు మీద మోటారు పోయింది.
పదహారేళ్ల పిల్ల కనపడకపోతే
ఎవరితోనో పోయింది.
ఎవరూ ఏమీ చెయ్యని పేట మాది.
వస్తువులే రాత్రిళ్లు లేచి
చెప్పులేసుకుని వెళ్లిపోతుంటాయి.

ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను.
నిద్ర మూడింటికల్లా తెగుతుంది.
అప్పుడే మా కిటికీ కింద టిఫిన్ క్యారేజీల చప్పుడు.
మంగాయమ్మ ఒక్కో గేటూ మూతతో కొడుతుంది.
ఒక్కో లైటు వెలుగుతుంది, ఒక్కొక్కత్తి బయటికొస్తుంది.
ఒంటరిగా ఎవరూ వంతెన ఎక్కరు.
"లావేటి నూకాలు?" ఉన్నా.
"పెదపాటి కరుణ?" ఉన్నా.
"వెంకాయమ్మత్తా?" దగ్గు వినపడుతుంది, అదే హాజరు.
పలకని పేరుంటే
దోమలు కుడుతున్నా అక్కడే నిలబడతారు,
మనిషి వచ్చేదాకా.
నా రిజిస్టర్లో ఏనాడూ
ఇంత సరైన లెక్క లేదు.

నిన్న కరుణ మెట్ల దగ్గరికొచ్చింది,
చేతిలో తెల్ల కాగితం.
వంతెన మీది లైటు వెలగక నలభై రోజులు.
"అర్జీ రాయండి తాతా, మీ రాత బాగుంటుందంట కదా."
ఎవరన్నారని అడగలేదు.
కళ్లద్దాలు తుడుచుకుని మొదలెట్టాను.
"వంతెన మీద వీధి దీపం పోయినందువల్ల..."
నా భుజం మీంచి చదువుతోంది,
ఇంటర్ ఫెయిలైన పిల్ల, ఆగి ఆగి.
"పోలేదు తాతా. పగలగొట్టారు."
కొట్టేసి, తిరగరాశాను: పగలగొట్టినందువల్ల.
"ఎవరో రాయరా?"
"ఎవరు?"

చెప్పింది.
ఇంటిపేరుతో సహా, బండి నంబరుతో సహా.
వాళ్ల నాన్న హాల్లో నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు.
సమోసా అందించింది ఆయనే.

పెన్ను ఆగింది.
రోడ్డు మీద షెడ్డు ఆటో హారన్ కొట్టింది,
మళ్లీ కొట్టింది.
"కరుణా!" అని అరిచింది మంగాయమ్మ.
ఉన్నా, అంది ఈ పిల్ల,
నా చేతి వంకే చూస్తూ.