చెవులు

బారీలో, రేవు వెనక సందులో, మూడో అంతస్తు.
త్సియాలా అనే పేరు ముసలామె నోటికి తిరగలేదు.
మొదటి వారం చీలా అంది,
ఆ తర్వాత ఎనిమిదేళ్ళూ చీలాయే.

నున్‌జియాకు ఎడమ చెవి వినపడదు.
కుడి చెవి దగ్గర వంగి చెప్పాలి:
మాత్ర మింగు, కాలెత్తు,
లేదు, నీ మొగుడు రాడు, పోయి పాతికేళ్ళయింది.
(ఈ ఆఖరుది మొదట్లో చెప్పేది.
పోనుపోను, పడవ ఇంకా రాలేదులే, అనేది.)

పొద్దున పూట ఇద్దరూ కూచుని
పిండిముద్దల్ని బొటనవేలితో ఒత్తేవాళ్ళు,
చిట్టి చిట్టి చెవులు, పళ్ళెం నిండా.
కొడుకు పేరు మర్చిపోయిన మనిషికి
వేలు మాత్రం ఏదీ మర్చిపోలేదు.
"నీవన్నీ గాడిద చెవులే" అని కసిరేది.

గురువారం మధ్యాహ్నం సెలవు.
స్టేషన్ వెనక, కుతాయిసీ వెళ్ళే వ్యాను చుట్టూ
ఆడవాళ్ళందరిదీ ఒకటే నడుంనొప్పి,
ఎత్తే బరువుల పేర్లే వేరు.
మాక్వలా వాళ్ళ ముసలాయన కరుస్తాడట.
నానూలి నిలబడే నిద్రపోతోంది.
త్సియాలా కాఫీ డబ్బా, తమ్ముడికి మోకాలి పట్టీ
తూకం వేయించి ఎక్కించేది.

ఒకసారి బ్యాంకులో నోరు విప్పితే
కౌంటరు వెనక కుర్రాడు పడీపడీ నవ్వాడు.
"అచ్చం మా తాతమ్మలా మాట్లాడుతున్నావే!"
అప్పుడు తెలిసింది,
తనకు వచ్చింది ఇటలీ భాష కాదు,
ఎప్పుడో చేపలు తోమిన గట్టు మీద
ఒక వీధి ఆడవాళ్ళు తిట్టుకున్న భాష.

ఫిబ్రవరిలో నున్‌జియా పోయింది,
నోటిదాకా వెళ్ళిన చెంచా అక్కడే ఆగింది.
మర్నాడు మిలాన్ నించి కొడుకు దిగాడు.
మంచివాడే. ఏడ్చాడు.
చక్కెర ఎక్కడుందో అడిగి కాఫీ తనే కలిపాడు.
ఆ తర్వాత నేల చూస్తూ
"తాళంచెవి..." అన్నాడు.

పోయింది ఒక్క మనిషే.
ఆ పూట త్సియాలాకు
జీతం పోయింది, మంచం పోయింది,
ఉత్తరాలొచ్చే చిరునామా పోయింది.
చెవి తీసి అతని చేతిలో పెట్టింది.

రెండు మెట్లు దిగాక వెనక నించి పిలిచాడు.
"అమ్మ ఆఖర్న ఏమంది?"
చెప్పింది, ఆమె అన్నది అన్నట్టే.
అతనికి అర్థం కాలేదు.
బడిలో ఆ మాటలు పనికిరావని
చిన్నప్పుడే మాన్పించింది వాళ్ళమ్మ.

తల పక్కకి వంచి
కుడి చెవి ముందుకు పెట్టాడు.
త్సియాలా పెట్టె మెట్టు మీద దించి,
వంగి, మళ్ళీ చెప్పింది.