నంబర్ పెట్టిన బిందె

రాయదుర్గం నుంచి ఆఖరి మెట్రో పోయింది.
పదకొండో అంతస్తులో ఏసీ ఒక్కటే మాట్లాడుతోంది.
నా తెర మీద ఊరి నీళ్ల లెక్క:
భవనం లోపల అంతస్తులు,
అంతస్తు లోపల ఫ్లాట్లు,
ఫ్లాటు లోపల మీటర్లు,
మీటరు లోపల నెలనెలా రీడింగులు.
బేగంబజార్‌లో అమ్మ బేరమాడి తెచ్చిన
స్టీలు డబ్బాల సెట్టులా
ఒకదాని కడుపులో ఒకటి.
బయటికి ఒక్క డబ్బానే.
తీసి పరిస్తే గచ్చు చాలదు.

పరచడమే నా పని.
మీసాల బ్రాకెట్లు విప్పి,
చుక్క పెట్టిన చోటల్లా ఒక మెట్టు దిగి,
మడతలు సాపు చేసి
ఒక్కో మీటరుకు ఒక్కో వరుస.
భవనం పేరు ప్రతి వరుసలోనూ మళ్లీ రాసుకోవాలి,
పెళ్లి గిన్నెల మీద పేరు కొట్టించినట్టు,
ఏది ఎవరిదో రేపు తగువు రాకుండా.

ఎక్స్‌ప్లోడ్ అంటారు దీన్ని.
పేరే గానీ చప్పుడేం ఉండదు.

లోపలికి పోయినవి పద్దెనిమిది వందల నలభై ఒక్క భవనాలు.
బయటికి వచ్చినవి పద్దెనిమిది వందల రెండు.
పైపు ఎక్కడా పగల్లేదు.
ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు.
ముప్ఫై తొమ్మిది ఇళ్లు ఇంకిపోయాయి.

"రెండు శాతం చిల్లరే కదా, వదిలెయ్"
అన్నాడు పృథ్వీధర్, ఫోన్లో, నిద్ర గొంతుతో.

వదిలేసేదాన్నే. కింద క్యాబ్ హారన్ కొడుతోంది.
మొదటి దాని చిరునామా చదివాను:
బోరబండ, సైట్ త్రీ, కల్లు దుకాణం వెనక సందు.

ఆ సందు నాకు తెలుసు.
నా మోకాలి మీది మచ్చకు ఇంకా బాగా తెలుసు.
అన్నీ రేకుల గదులు. అంతస్తులు లేవు.
అంతస్తుల జాబితా ఉంది, లోపలేం లేదు:
తెరిచి వెంటనే మూసిన రెండు బ్రాకెట్లు,
మధ్యలో గాలి.
పనిముట్టు తప్పు చేయలేదు.
ఏమీ లేనిదాన్ని విప్పమంటే
సున్నా వరుసలు ఇచ్చింది.
దాంతోపాటు ఇంటి పేరూ పోయింది, సందూ పోయింది.

మా సందులో లెక్క వేరే.
టాంకరు ఏ రాత్రి ఒంటిగంటకో వచ్చేది.
అందాకా మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి.
మాది ఆకుపచ్చ ప్లాస్టిక్‌ది, మూతి దగ్గర కాల్చి అతికించింది.
షాహీన్ ఆపాది నీలం.
కౌసల్యక్క, బిందె దొరక్కపోతే ఇటుక పెట్టేది.
ఇటుకను కూడా ఎవరూ ముట్టేవాళ్లు కాదు.
ముట్టారో,
"ఎవడ్రా నా నంబర్ తీసింది!"
ఆ గొంతుకు గల్లీ గల్లీ లైట్లు వెలిగేవి.
ఖాళీగా ఉందనే కదా
బిందెను వరుసలో పెట్టింది.

వెతికితే ఒక్క మాట దొరికింది: ఔటర్.
ఈ ఊళ్లో ఔటర్ అంటే
టోలు కట్టి శంషాబాద్ పోయే రోడ్డు.
ఇక్కడ, ఎక్స్‌ప్లోడ్ పక్కన తగిలిస్తే,
ఉత్త చేతులతో వచ్చినవాళ్లనూ గడప దాటనిస్తుంది.
తగిలించాను. మళ్లీ నడిపాను.
ఈలోగా క్యాబ్ వెళ్లిపోయింది.

ముప్ఫై తొమ్మిదీ వచ్చాయి.
ఎడమ పక్క పేరు, సందు, పిన్‌కోడు.
కుడి పక్కంతా నల్, నల్, నల్.
నల్లా లేని చోట నల్.
ఒక్కదాన్నే నవ్వాను,
ఆ పెద్ద గదిలో నవ్వు నాకే బాగా వినబడలేదు.

రేపు దిగువన ఎవరో,
డ్యాష్‌బోర్డు అందంగా లేదని,
ఈ నల్‌లన్నీ తీసెయ్ అంటారు.
తీసేస్తారు కూడా.
కోడ్ పక్కన ఒక మాట రాసి పెట్టాను, తెలుగులోనే,
ఎవరు చదువుతారో తెలీదు:
ఇవి ఖాళీవి కావు. నంబర్ పెట్టినవి. జరపకుండ్రి.

రెండున్నరకు ఆటో దొరికింది.
మాదాపూర్ మలుపులో టాంకరు ఒకటి ఎదురొచ్చింది,
వెనక పైపు నుంచి నీళ్లు రోడ్డంతా కారుకుంటూ.
ఎటు పోతోందో చూద్దామని తల తిప్పేలోగా
మా ఆటో వంతెన ఎక్కేసింది.