సుత్తి పట్టిన చెవి

ఒసాకా, నిప్పొన్‌బాషి. రెండో అంతస్తులో మా దుకాణం.
గొడుగు దులుపుకుంటూ వచ్చాడు కువబారా,
ముప్పయ్యొక్క ఏళ్లు రైలు బోల్టుల్ని సుత్తితో తట్టి
బిగువో వదులో చెవితోనే తేల్చిన మనిషి.

పద్దెనిమిది వేల యెన్ల జత చూపించమన్నాడు.
మరీ చవకా కాదు, గొప్పకు పోయేదీ కాదు.

వెంటనే చెవిలో పెట్టలేదు.
గోటితో గుల్లను తట్టాడు. అతుకు వెంట బొటనవేలు నడిపాడు.
తీగను చొక్కా బొత్తానికి రాసి
"గరగర మెడ దాకా వస్తోంది" అన్నాడు.
పిన్ను పీకాడు, పెట్టాడు, మళ్లీ పీకాడు.
మూడోసారికి నేనే దగ్గాను.

పాటలు వద్దట.
ఆయన ఫోనులో ఆయన సొరంగం ఉంది:
ఠంగ్. ఠంగ్. నీటిబొట్టు. ఠంగ్.
"బేస్ కాస్త ఉబ్బింది, అన్నం ఎక్కువైనట్టు.
పైన మాత్రం ఇనుము ఇనుములానే ఉంది."
కాసేపు కళ్లు మూసుకుని,
"ఎడమది నీరసంగా పలుకుతోంది. లోపల ఏదో వదులు."

కొత్త పెట్టె విప్పాను. మళ్లీ ఎడమదే.
ఏమీ తోచక
కుడిది ఎడమకు, ఎడమది కుడికి తగిలించమన్నాను.
ఒంపు కుదరక వేళ్లతో అదిమి పట్టుకున్నాడు.

ఠంగ్.
నీటిబొట్టు.
ఠంగ్.

చాలాసేపు తలెత్తలేదు.
తర్వాత తన ఎడమ కణతను గోటితో
రెండుసార్లు తట్టుకున్నాడు,
ఇందాక గుల్లను తట్టినట్టే.

"వస్తువులో లోపం లేదు" అన్నాడు,
తనిఖీ చీటీ రాసిచ్చే గొంతుతో.
డబ్బు లెక్కపెట్టి ఇచ్చి,
రబ్బరు బుడిపెలు చిన్న సైజువి
ఇంకో జత ఉంటే ఇమ్మన్నాడు.