పంటి డబ్బులు

పన్ను బాగుచేయించుకుందామనే బయల్దేరాను.
పీకడానికి పదిహేను, ఉంచుకోవడానికి ఎనభై ఐదు
అన్నాడు డాక్టరు.
ఉంచుకుందామనుకున్నాను.
జేబులో దినార్లు, బుగ్గలో లవంగం.
నెలరోజులుగా రాత్రిపూట
నాకంటే ముందు ఆ పన్నే లేస్తోంది.

ముహరక్‌లో బస్సు దిగి
అడ్డదారిన పడ్డాను.
పడవలు కట్టే చోటు వెనకాల
రేకుల షెడ్డు, సగం తెరిచిన షట్టరు.
లోపల ఎవరో ఒక్క తీగని మీటి
దాన్ని చచ్చిపోనివ్వకుండా
మెల్లగా పైకి, ఇంకాస్త పైకి
మేకపిల్లని గట్టెక్కించినట్టు తీసుకుపోతున్నారు.

షట్టరు కింద వంగాను.
ఇరవై ఏళ్ళు లేత్ మిషన్ ముందు నిలబడ్డ నడుము
ఆ ఒక్కసారికి ఏమీ అనలేదు.

అనక్లేతో, గోవా ముసలాయన,
కనుబొమల మీద రంపపు పొట్టు.
నీళ్ళు పోయడానికి పసిపిల్లని
కాళ్ళ మీద వేసుకున్నట్టు
వేసుకున్నాడు దాన్ని.
స్టీల్ గిటారు అన్నాడు.

నాకు తెలిసిన స్టీలు వేరు.
అది కీచుమంటుంది, నిప్పులు కక్కుతుంది,
మనిషి ఏమరితే వేలు అడుగుతుంది.
చిటికెన వేలు సగం ఇచ్చాను కూడా.

చెక్క చూడమన్నాడు.
విప్పేసిన పాత పడవది, టేకు.
మేకు దిగిన కంత ఒకటి
పూడ్చకుండా అలాగే వదిలేశాడు.
మెట్లు లేవు. మెట్లుండాల్సిన చోట
గోరంత గోరంత ఆల్చిప్ప ముక్కలు,
లైటు కింద ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి గులాబి.

నేను చూసింది మాత్రం అతుకుల్ని.
చెక్కా చెక్కా కలిసే చోట గోరు పెట్టి గీశాను.
ఎక్కడా ఆగలేదు.
మా షాపులో మిల్లీమీటరులో నూరోవంతు కోసం
ఫోర్మన్ నా మీద కేకలేస్తాడు.
ఈయన మీద కేకలేసేవాడెవడూ లేడు.
అయినా గోరు ఆగలేదు.

వెల ఎంతని నేను అడగలేదు,
నా చెయ్యే జేబులోకి పోయింది.
తొంభై అన్నాడు.
ఎనభై ఐదున్నాయన్నాను.
వాచిన నా బుగ్గ వంక చూసి
ఎనభై తీసుకున్నాడు,
ఐదు నొప్పి మాత్రలకి వదిలేశాడు.

సిత్రా బస్సులో నాకు సీటు దొరకలేదు.
దానికి దొరికింది,
ఒక పెషావరు తాత ఒళ్ళో.

రూములో ఆరుగురం.
ఎర్రన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.
"పన్నేదే?"
"గిదే."
"వాయించ వస్తదా నీకు?"
"రాదు."
"మరి?"
మరి. ఆ మాట దగ్గరే నేనూ ఆగిపోయాను.

తీగల మీద జరిపే కడ్డీ
ఇవ్వడం ముసలాయన మర్చిపోయాడు,
లేదా అడగడం నేను.
నైట్ డ్యూటీలో స్క్రాపు డబ్బాలోంచి
పంపు షాఫ్టు ముక్క తీసి లేత్‌కి ఎక్కించాను.
డ్రాయింగు లేదు. నా అరచెయ్యే కొలత.
ఓడల కోసం, పంపుల కోసం, ఎవరెవరి కోసమో
ఎన్ని వేల ముక్కలు తిప్పానో,
ఇది నాది.
నునుపు తేలేసరికి తెల్లవారింది.
అందులో నా ముఖం సాగిపోయి
బుగ్గ ఇంకా పెద్దదిగా కనిపించింది.

రూములో ఎవరూ లేని మధ్యాహ్నం
గవదని చెక్క అంచుకి ఆనించి
లావుపాటి తీగని మీటాను.
టేకులోంచి ఎముకలోకి, ఎముకలోంచి
సరిగ్గా ఆ పంటిలోకి దిగింది.
ఇద్దరం కాసేపు ఊరుకున్నాం.

రాత్రి గంగామణి ఫోను.
"పన్ను నయమైందా?"
ఏం చెప్పను? ఫోను దిండు మీద పెట్టి
కడ్డీని మెల్లగా పైకి జరిపాను.
చెయ్యి వణికింది, వంకర పోయింది.

"ఏం సప్పుడది? ఎవలన్న ఏడుస్తున్నరా?"
"ఏడుస్తలేరు. నేర్సుకుంటున్నరు."

అటువైపు గిన్నె కింద పెట్టిన చప్పుడు.
కుళాయి కట్టేసినట్టుంది.
"ఇంకోపారి గుంజు" అంది.

ఎన్ని పైసలో ఇంకా అడగలేదు.