పొడి

నలభై రెండు నిమిషాల మనిషిని
పదకొండు నిమిషాలకి కుదించాలి, ఐదు డాలర్లకి.
మాటకీ మాటకీ మధ్య గాలి ఆడకూడదట.
'నేను ఊపిరి తీసుకున్నట్టు తెలియకూడదు' అని రాశాడు.

పర్లాకిమిడిలో రాత్రి పదకొండున్నర.
కింద మందుల షాపు షట్టరు పడింది.
మేడ మీది గదిలో సీలింగు ఫ్యాను కన్నా
కంప్యూటరు ఫ్యానే గట్టిగా తిరుగుతోంది.

అక్కడ నా పేరు ఢిల్లీ.
ఢిల్లేశ్వరి అని మొత్తం కొడితే
గడిలో పట్టక చివర్న చుక్కలు పడ్డాయి.
'రాజధానిలో ఉండి ఇంత చవకా!' అన్నాడొకడు.
కాదు బాబూ, మాకు భువనేశ్వరే దూరం,
అక్కడికెళ్తే మేం తెలుగోళ్ళం,
శ్రీకాకుళం వెళ్తే ఒడిశా వాళ్ళం,
అని రాద్దామనుకుని
'థాంక్యూ సర్' అని రాశాను.

ప్లాట్‌ఫారం అంటే ఇన్నాళ్ళూ
గుణుపురం బండి వచ్చి ఆగేదే తెలుసు.
అక్కడ నిలబడ్డానికి పది రూపాయల టిక్కెట్టు.
ఇక్కడ నిలబడ్డానికి ఐదులో ఒకటి.
రూపాయల్లోకి దిగేటప్పుడు ఇంకాస్త అరుగుతుంది.
యాభై పోగైతే గాని చేతికివ్వరు.
మొన్న నలభై ఏడు దాకా వచ్చాక
ఒకావిడ సొమ్ము వెనక్కి లాక్కుంది.
సంగీతం నచ్చలేదట.
ఆ సంగీతం పంపిందీ ఆవిడే.

ఒకప్పుడు పెళ్ళిళ్ళు తీసేదాన్ని
కాశీనగరం నుంచి పాతపట్నం దాకా.
ఓ పందిట్లో తలంబ్రాలు, ఓ పందిట్లో హుళహుళి.
మేనత్త రెండో లడ్డూ వేయించుకుంటూ
అటూ ఇటూ చూసిందనుకోండి,
ఆ చూపు కూడా ఉంచేసేదాన్ని.
పాతిక వేలు, రెండు పూటల భోజనం, జాకెట్టు ముక్క.
ఇప్పుడు పందిట్లో అందరి చేతుల్లోనూ కెమెరాలే.
అక్షింతలు వేయడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఇంతకీ ఈ మనిషి చెప్పేదేటంటే
ఇంట్లో కూర్చుని రోజుకి వెయ్యి డాలర్లు గడించడం.
ఇప్పటికి మూడుసార్లు విన్నాను.
రెండో సూత్రం: తక్కువకి పనిచేసేవాళ్ళని వెతుక్కోండి.
అక్కడ నా వేలు మౌసు మీద కాసేపు ఆగింది.
బాగానే వెతుక్కున్నాడు.

పద్నాలుగో నిమిషంలో వెనక ఎక్కడో తలుపు చప్పుడు.
ఒక చిన్నగొంతు ఏదో అడుగుతుంది.
ఆ భాష నాకు రాదు.
మా చిన్నాడు 'అమ్మా, అయిపోయిందా' అన్నట్టే ఉంది.
అతను తల తిప్పడు, వేలు మాత్రం పైకెత్తుతాడు.
ముప్ఫయ్యో నిమిషంలో
వెనకాల కట్టిన ఆకుపచ్చ గుడ్డ జారిపోయింది.
మంచం, చెమ్మ పట్టిన గోడ,
మంచం మీద ఎవరో ముసుగుతన్ని.
లేచాడు. పైన కోటు, కింద పాత నిక్కరు.
బట్టలారేసే క్లిప్పులు రెండు పెట్టి
మళ్ళీ కూర్చుని
అదే నవ్వు మొదట్నుంచి నవ్వాడు.

కత్తిరించాను. అన్నీ.

పక్కింటి మహారణా గారు కొమ్ముతో కొంగలు చేస్తారు,
కొంగకి ఇంతని లెక్క.
ఆకురాయి కింద రాలిన పొడి
సాయంత్రం చీపురుతో ఎత్తి మిరపమొక్కలకి వేస్తారు.
'కొంగ కొన్నవాడిది. పొడి నాది' అంటారు,
నాలుకకి తగిలిన పొడి ఊస్తూ.

నేనూ ఒక ఫోల్డరు పెట్టుకున్నాను ఆ పేరుతోనే.
అతని ముప్ఫై ఒక్క నిమిషాలు అందులో ఉన్నాయి,
ఇంకెందరెందరివో దగ్గులు, తడబాట్లు,
'ఛ, మళ్ళీ' అనడాలు.
ఏం చేసుకుంటావే అని మా ఆయన అడుగుతాడు.
డిస్కు నిండిపోతోంది, నిజమే.
నా దగ్గర మిరపమొక్కలు లేవు.

ఒక్కటి మాత్రం వదిలేశాను.
ఎనిమిదో నిమిషంలో, 'వెయ్యి' అనబోయే ముందు,
చిన్న ఊపిరి.
చూసుకోక కాదు.

తెల్లారేసరికి నాలుగు చుక్కలు, ఒక మెసేజి:
'ఎనిమిదో నిమిషంలో ఏదో వినిపిస్తోంది.
తీసెయ్. ఇది ఉచితమే కదా?'

కరెంటు లేదు.
వచ్చాక తీస్తాను.